ఆ ఇత్తడిని తోమకండి

మా అమ్మకు ఇత్తడి కనిపిస్తే చింతపండు గుర్తొచ్చేది. పండగ ముందురోజు కుందులు, చెంబులు, గంగాళం పెరట్లో వరసగా పెట్టి, చింతపండు గుజ్జూ ఉప్పూ వేసి తోమితే సాయంత్రానికి బంగారంలా మెరిసేవి. ఆ అలవాటు నా చేతుల్లోనూ ఉండిపోయింది. కిందటి వేసవిలో కనెక్టికట్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, పక్కింటి పెద్దాయన తన పాత రివాల్వర్లు చూపిస్తానని పిలిచారు. బల్ల మీద పెట్టిన రివాల్వర్‌కి ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి చుట్టు నల్లగా కమిలిపోయి ఉంది. "దీన్ని శుభ్రం చేయించకూడదా?" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. లోపలికి వెళ్లి ఇంకో రివాల్వర్ తెచ్చి దాని పక్కన పెట్టారు.

రెండూ కోల్ట్ కంపెనీ 1851 నేవీ నమూనాలే. ఎనిమిది పలకల గొట్టం, ఆరు గదుల సిలిండర్, వాల్‌నట్ చెక్క పిడి. చేతిలోకి తీసుకుంటే కిలోకి పైగానే తూగుతుంది. మొదటిదాని సిలిండర్ మీద వేలితో రాస్తే సన్నటి గరుకు తగిలింది. భూతద్దం ఇచ్చారు. ఓడలు, తెరచాపలు, పొగ. 1843లో టెక్సస్ నౌకలకూ మెక్సికో నౌకలకూ కాంపెచే దగ్గర జరిగిన పోరు అది. తేదీతో సహా చెక్కి ఉంది. వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ అనే చెక్కడపు పనివాడు తయారుచేసిన అచ్చును సిలిండర్ మీద దొర్లించి ఆ బొమ్మను ఎక్కించేవారు. రివాల్వర్ తయారైన నాడు ఆ ట్రిగ్గర్ చుట్టుకు వెండిపూత ఉండేది. మూలల్లో ఎవరి వేళ్లూ ఆనని చోట అది ఇంకా గీతలా మిగిలి ఉంది.

రెండోది అద్దంలా మెరుస్తోంది. ఓడలు లేవు. గొట్టం పలకల అంచులు సబ్బుబిళ్లలా అరిగిపోయాయి. ఎప్పుడో ఒక యజమాని ముచ్చటపడి బఫింగ్ చక్రం మీద పెట్టి, కొత్తగా నీలిపూత వేయించాడట. "ఆయన దాన్ని ప్రేమించే ఆ పని చేశాడు. ఇక దానికి చేయగలిగింది ఏమీ లేదు" అన్నారు పెద్దాయన. ఆ మాట నన్ను వదల్లేదు.

పాత వస్తువుల మీద మనకున్న ప్రేమలో పెద్ద లోపం ఇదే. మన గుళ్లలో శాసనాల మీద సున్నం కొట్టినవాళ్లు శత్రువులా? భక్తులే. వయసును మురికి అనుకోవడం వల్ల వచ్చే నష్టం ఇది. రివాల్వర్లు సేకరించేవాళ్ల లోకంలో ఈ పాఠం ఎంత కఠినంగా పాటిస్తారో చూశాక, ఆయుధాలంటే ఏ మోజూ లేని నాకు వాళ్లంటే గౌరవం కలిగింది.

ఈ రివాల్వర్లకు పేరిచ్చిన శామ్యూల్ కోల్ట్ పుట్టింది కనెక్టికట్‌లోనే, హార్ట్‌ఫర్డ్‌లో. 1836లో పేటెంట్ తీసుకుని న్యూజెర్సీలోని పేటర్సన్‌లో ఫ్యాక్టరీ పెడితే కొన్నేళ్లకే మూతపడింది. మెక్సికోతో యుద్ధమొచ్చాక శామ్యూల్ వాకర్ అనే కెప్టెన్ చెప్పిన మార్పులతో 1847లో చేసిన రెండు కిలోల బరువైన రివాల్వర్ ఆయన్ని మళ్లీ నిలబెట్టింది. అవి చేసింది సుమారు 1,100. ఈరోజు సేకర్తలు కలలుగనే వాకర్ కోల్ట్ అదే. దాని సిలిండర్ మీద టెక్సస్ రేంజర్లు కమాంచీ ఆదివాసులను తరుముతున్న బొమ్మ ఉంటుంది. కమాంచీల వైపు నుంచి చెక్కిన బొమ్మ నేను ఏ సిలిండర్ మీదా చూడలేదు. దీన్ని చూపించే ప్రతివాళ్లూ ఆ సంగతి కూడా చెప్పాలి. హార్ట్‌ఫర్డ్‌లో హైవే మీద వెళ్తుంటే కోల్ట్ ఫ్యాక్టరీ నీలి గుమ్మటం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ అందం చూసి మురిసిపోయేటప్పుడూ కమాంచీల సంగతి గుర్తుండాలి.

కొనబోయేవాళ్లు ముందు చూసేది మెరుపు కాదు, నంబర్లు. ఫ్రేమ్, గొట్టం, ట్రిగ్గర్ చుట్టు, పిడి వెనక పట్టీ, అన్నింటి మీదా ఒకే నంబరు ఉండాలి. గొట్టాన్ని బిగించే చీల మీద కూడా నంబరు ఉంటుంది. చిన్నది కాబట్టి పోతుంది, చాలావాటికి అదొక్కటే కలవదు. అలాగని కలవని నంబర్లన్నీ మోసం కావు. 1873లో వచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్లను అమెరికా సైన్యం 1890ల్లో వెనక్కి తెప్పించి, ఏడున్నర అంగుళాల గొట్టాలను అయిదున్నరకి కోయించింది. విప్పి బిగించేటప్పుడు భాగాలు కలిసిపోయాయి. ఆర్టిలరీ నమూనా అని పిలిచే ఆ రివాల్వర్లలో కలగాపులగం నంబర్లే సహజం. వాటికి మళ్లీ పొడుగు గొట్టం బిగించి, అశ్వికదళం వాడినదని అమ్మేవాళ్లుంటారు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ అనే అమెరికా సేనాని నడిపిన అశ్వికదళం నేలకూలింది కదా, ఆ యుద్ధం పేరు చెబితే ధర ఎక్కడికో పోతుంది.

కథకు కాగితం తోడుండాలి. 1881లో బందిపోటు బిల్లీ ద కిడ్‌ను షెరిఫ్ పాట్ గారెట్ కాల్చిన కోల్ట్ 2021లో లాస్ ఏంజెలెస్ వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. గారెట్ పోయాక అది ఎల్‌పాసోలో ఒక బార్ యజమాని దగ్గర ఉండిపోయింది. 1930ల్లో గారెట్ భార్య అపోలినారియా అది తనదని కోర్టుకెక్కి, గెలిచి తెచ్చుకుంది. ఆవిడ పట్టుదల వల్లే కదా, అదే ఇదని ఈరోజు రుజువుంది!

ఇక పెద్దాయన చివర చూపించినది చెప్పాలి. నలభై ఏళ్ల కింద కొన్నారట. చూడగానే నేవీ కోల్ట్‌లా ఉంది కానీ ఫ్రేమ్ ఇనుము కాదు, ఎర్రటి ఛాయ ఉన్న ఇత్తడి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదికి ఇనుము కరువైనప్పుడు జార్జియాలో మేకన్ దగ్గర గ్రిస్‌వోల్డ్‌విల్‌లో కోల్ట్‌ను చూసి చేసినది. శామ్యూల్ గ్రిస్‌వోల్డ్ అక్కడ పత్తి గింజలు తీసే యంత్రాలు చేసేవాడు. ఆయనా కనెక్టికట్ నుంచి వెళ్లినవాడే. 1862 నుంచి రెండేళ్లలో మూడున్నర వేలకు పైగా రివాల్వర్లు వచ్చాయి అక్కడి నుంచి. 1864 నవంబర్లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం అటుగా వస్తూ ఆ ఫ్యాక్టరీని తగలబెట్టింది.

అక్కడ పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది బానిసలు. తమను బానిసలుగానే ఉంచడానికి జరుగుతున్న యుద్ధానికి వాళ్ల చేతే తుపాకులు చేయించారు. రాసుకుంటుంటే చెయ్యి ఆగిపోతోంది.

పెద్దాయన ఆ రివాల్వర్‌ని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని, "ఇక్కడ చూడండి" అన్నారు. ఇత్తడి ఫ్రేమ్ పక్కన, కమిలిన రంగు కింద, ఆకురాయి గీతలు. దగ్గర దగ్గరగా, ఒకే వాలులో వచ్చి, ఒకచోట కాస్త వంపు తిరిగాయి. అక్కడ ఆ మనిషి మణికట్టు మార్చాడేమో, ఊపిరి తీసుకున్నాడేమో. సిలిండర్ మీద నంబరుంది. అతని పేరు ఎక్కడా లేదు. రివాల్వర్ మీద అతనిదంటూ ఉన్నవి ఆ గీతలే. గుప్పెడు చింతపండు వేసి గట్టిగా తోమితే, మెత్తటి ఇత్తడి, ఎన్నాళ్లు నిలుస్తాయి?

ఆ రివాల్వర్ నా చేతికిచ్చే ముందు నూలు చేతి తొడుగులు ఎందుకిచ్చారో అప్పటిదాకా నాకు తట్టలేదు. రివాల్వర్ తిరిగి ఇచ్చేశాను. ఆయన మెత్తటి గుడ్డతో, పల్చటి మైనంతో ఒక్కసారి పైపైన తుడిచారు. ఇత్తడి దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పైకెత్తి, ఊరికే ఊది, పెట్టెలో పడుకోబెట్టారు.