స్కాన్ చేసిందల్లా ఈ-బుక్ కాదు

గుణదలలో మా మేనత్తకి డెబ్భై దాటాయి. చిన్నక్షరాలు ఆనడం లేదు. "ఫోన్లో అయితే అక్షరం పెద్దది చేసుకోవచ్చు అత్తా" అని ఓ పాత నవల పీడీఎఫ్ పంపాను. రెండు వేళ్లతో పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోయింది. ప్రతి పంక్తికీ పేజీని అటూ ఇటూ లాగాలి. పోనీ ఫోన్ చేతే చదివిద్దామంటే, అది పేజీ నంబరు చెప్పి ఊరుకుంది. "పుస్తకం పంపమంటే దాని ఫొటోలు పంపావేంట్రా?" అంది.

అత్త అడిగిందే అసలు ప్రశ్న. మనకి తెరమీద కనబడిందల్లా ఈ-బుక్కే. నా లెక్క వేరు. వెతికితే మాట దొరకాలి. అక్షరం పెంచితే వాక్యం తెరకి తగ్గట్టు సర్దుకోవాలి. చూపులేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించాలి. ఇవేవీ జరగకపోతే అది డిజిటల్ బొమ్మ, డిజిటల్ పాఠ్యం కాదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలని స్కాన్ చేసి కాపాడింది. గొప్ప మేలే, కాదనను. కానీ అది మొదటి మెట్టు. 1971లో మైకేల్ హార్ట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ మొదలుపెట్టింది ఫొటో తీసి కాదు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని టైపు చేసి. తెలుగు వికీసోర్స్‌లో కొద్దిమంది ఔత్సాహికులు ఇప్పటికీ పేజీ పేజీకీ ప్రూఫులు దిద్దుతున్నది అందుకే.

పాతవి సరే, కొత్తవాటి సంగతేంటి? గుణదల నుంచి ఏలూరు రోడ్డు పట్టుకుని బెజవాడలోకి వెళితే వరసగా పుస్తకాల షాపులు. వాటిలోని కొత్త పుస్తకాలు అచ్చుకి ముందు డీటీపీ కంప్యూటర్లో తయారైనవే. పుట్టుకే డిజిటల్! కానీ ఏళ్ల తరబడి కంపోజింగ్ అను ఫాంట్లలో సాగింది. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా మనం వాడుకోలేదు.

"అక్షరాలిస్తే దొంగలు కాపీ కొట్టేస్తారు" అంటారు ప్రచురణకర్తలు. వాట్సాప్‌లో తిరిగే దొంగ కాపీల్లో ఎన్ని స్కాన్‌లో చూడండి. దొంగకి ఫొటో చాలు. అక్షరాలు కావలసింది పాఠకుడికి. తాళం వేసింది అతనికే.

రచయితలకి నాదొకటే మాట. డీటీపీ బిల్లు కట్టేటప్పుడు యూనికోడ్ ఫైలు కూడా అడగండి. అను నుంచి మార్చే సాధనాలున్నాయి, ఆపైన ఒకసారి ప్రూఫు చూసుకోవాలి, అంతే. ఆ ఒక్క పని మీరు చేయకపోతే, మీ పుస్తకం ఇంకో ముప్ఫై ఏళ్లకి ఎవరో తీసిన మసక ఫొటోగానే మిగులుతుంది.