ఎగవేతదారులు

హైదరాబాద్ పాతబస్తీలో ఏ షాదీఖానాకు వెళ్లినా నికా వేళ ఖాజీ అందరికీ వినపడేలా చదివే మాట ఒకటుంది: జర్-ఎ-మెహర్ ఇన్ని వేల రూపాయలు, ఇన్ని సుర్ఖ్ దీనార్లు. వధువు తరఫు వకీలు, ఇద్దరు సాక్షులు విని తలూపుతారు. ఖర్జూరాలు పంచుతారు. బిర్యానీ వడ్డన మొదలవుతుంది. వరుడు వధువుకు ఇవ్వాల్సిన ఆ మెహర్ డబ్బు చేతులు మారడం మాత్రం ఆ హాల్లో అరుదు. చేతులు మారిన డబ్బు వేరే ఉంది. అది పెళ్లికి ముందే అమ్మాయి ఇంటి నుంచి అబ్బాయి ఇంటికి చేరిపోయి ఉంటుంది. దాని పేరు జోడే కీ రఖం. వరకట్న నిషేధ చట్టం తన నిర్వచనం నుంచి మినహాయించింది మెహర్‌నే కానీ ఈ రఖాన్ని కాదు. అయినా మసీదు కమిటీ పెద్దలకు ఇది నేరంగా తోచదు, పాపంగానూ తోచదు.

ఇస్లాం స్త్రీకి హక్కులిచ్చిందా లేదా అన్న చర్చ టీవీ స్టూడియోల్లో ఎంతసేపైనా నడుస్తుంది. మా ఫిర్యాదు అది కాదు. ఇచ్చిన హక్కును ఎవరు దిగమింగారన్నది. ఖురాన్ నాలుగో అధ్యాయం మెహర్‌ను మనస్ఫూర్తిగా భార్య చేతికివ్వమని భర్తను ఆదేశించింది. అది ఆమె సొంత ఆస్తి. తండ్రికి గానీ, అత్తమామలకు గానీ అందులో వాటా లేదు. ఇవ్వకపోతే అది భర్త మీద అప్పు. అతను చనిపోతే వారసులు వాటాలు పంచుకునే ముందు తీర్చాల్సిన అప్పు. ఆచరణలో ఏం జరుగుతోంది? జనాజా లేచే ముందు బంధువులు వితంతువు చుట్టూ చేరతారు. మెహర్ మాఫ్ కర్‌దో అంటారు. ఎదురుగా శవం, పక్కన పిల్లలు, గుమ్మం నిండా జనం. ఆ క్షణంలో కాదనగల ఆడది ఎవరు? నలభై ఏళ్లు ఎగ్గొట్టిన బాకీని ఏడుస్తున్న మనిషి చేత రద్దు చేయించడాన్ని మా ఊళ్లో మాఫీ అనరు, దానం అని అసలే అనరు.

మెహర్ గుర్తుకొచ్చే సందర్భం ఇంకొకటుంది. భార్యను వదిలించుకోవాలన్నప్పుడు. ఇందోరులో 1932లో పెళ్లయిన షాబానోకు 1978లో, ఆమె 62వ ఏట, లాయరైన భర్త తలాక్ చెప్పాడు. మూడు వేల మెహర్, ఇద్దత్ (విడాకుల తర్వాతి నిరీక్షణ గడువు) ఖర్చులు చెల్లించేశాను కనుక నా బాధ్యత తీరిపోయిందని వాదించాడు. హైకోర్టు ఇప్పించిన మనోవర్తి నెలకు 179 రూపాయల 20 పైసలు. ఆ మాత్రం కూడా ఇవ్వలేనని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1985లో ఓడిపోయాడు. ముస్లిం పర్సనల్ లా బోర్డు వీధికెక్కింది, రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఓట్లు లెక్కేసుకుంది, విడాకులైన ముస్లిం స్త్రీ భరణాన్ని ఇద్దత్ గడువుకే పరిమితం చేస్తున్నట్టు కనిపించిన చట్టం 1986లో వచ్చింది. షరియత్ ప్రమాదంలో పడిందని ఊరూరా సభలు పెట్టిన పెద్దలు జోడే కీ రఖం మీద అందులో పదో వంతు సభలు పెట్టి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో!

ఇద్దత్ గడువులోగా విడాకులైన భార్య మిగతా జీవితానికి సరిపడా ఏర్పాటు చేయాలన్నదే ఆ చట్టం అర్థమని 2001లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మొగుళ్ల వాదన మారలేదు. మన తెలంగాణ కేసే చూడండి. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు మధ్యంతర భరణం ఇవ్వమంది, హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది, భర్త అదీ ఇవ్వనని ఢిల్లీ వెళ్లాడు. 1986 చట్టం ఉన్నాక మామూలు భరణం సెక్షను ముస్లిం స్త్రీకి వర్తించదన్నాడు. 2024 జూలై 10న సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది.

మరుసటి ఏడు జూన్‌లో తెలంగాణ హైకోర్టు ముందుకొచ్చింది ఖులా. విడిపోవాలనుకున్న భార్యకు ఇస్లాం ఇచ్చిన దారి అది. భర్త ఒప్పుకోనంటే చెల్లదని వాదన. అతని అంగీకారం అక్కర్లేదు, ముఫ్తీ చెప్పేది సలహా మాత్రమేనని హైకోర్టు తేల్చేసింది. అసలు కిటుకు ఖులా బేరంలో ఉంది. బయటపడాలంటే మెహర్ తిరిగిచ్చేయమంటారు. చేతికే రాని మెహర్‌ను వదులుకున్నట్టు రాసిచ్చి బతుకుజీవుడా అని బయటపడే ఆడవాళ్లున్నారు. ఆ బేరంలో కూర్చున్న పెద్దమనిషి, మరి మీరు తీసుకున్న జోడే కీ రఖం సంగతేమిటని అబ్బాయి తండ్రిని అడిగాడా?

ఇక కేంద్ర ప్రభుత్వం. ముమ్మారు తలాక్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టేశాక, 2019 చట్టంతో దాన్ని మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. ముస్లిం సోదరీమణుల విముక్తి అని ఊదరగొట్టింది. ఏ తలాకూ చెప్పకుండా వదిలేసి పోయినవాణ్ణి ఆ చట్టం ముట్టదు. మెహర్ ఊసు అందులో లేదు. విడిచిపెట్టిన భర్త ఏ మతంవాడైనా భార్య వెళ్లాల్సింది అవే కోర్టు మెట్ల దగ్గరికేనన్న సంగతీ అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఖాజీల బాధ్యత ఇంతకన్నా పెద్దది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఒమన్, ఖతర్‌ల నుంచి వచ్చిన షేకులతో పాటు ఖాజీలనూ అరెస్టు చేశారు. మైనరు పిల్లలను ముసలివాళ్లకిచ్చి చేసే ఆ పెళ్లిళ్లలోనూ కాగితాలకు లోటుండదు. మెహర్ అంకె ఉంటుంది, అయితే అది అమ్మాయి హక్కు కాదు, దళారీ, ఖాజీ, కన్నవాళ్లు పంచుకునే ధర. నికా కాగితంతో పాటే తలాక్ కాగితం మీదా సంతకం పెట్టించిన ఉదంతాలున్నాయి. ఆ కాగితాలు రాసే చెయ్యి ఒప్పుకోకపోతే ఈ వ్యాపారం ఒక్క రోజు నడవదు.

ఖాజీని నియమించే అధికారం 1880 నాటి ఖాజీల చట్టం ప్రభుత్వానికే ఇచ్చింది. నియమించేవాడు షరతులు పెట్టొచ్చు. మెహర్‌లో వెంటనే ఇవ్వాల్సిన భాగం వధువు బ్యాంకు ఖాతాలో పడిన రసీదు, ఆమె వయసు రుజువు, ఇరుపక్షాల మధ్య మారిన ప్రతి రూపాయి వివరం, ఈ మూడూ నికానామాకు జత చేయకుండా వివాహ ధ్రువపత్రం ఇవ్వకూడదు. ఖాజీ అబద్ధం రాస్తే నియామకం రద్దు చేయాలి. ఇందుకు షరియత్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు కనుక పర్సనల్ లా బోర్డుకు అభ్యంతరం ఉండకూడదు. ఉంటే అదేమిటో జోడే కీ రఖం ఇచ్చి అప్పులపాలైన తండ్రుల ముందు నిలబడి చెప్పాలి.