ఉక్కు పలక యోగక్షేమము
అమెరికాదేశమున .22 రిమ్‌ఫైర్ తుపాకితో గురి నభ్యసించు వారికి కాగితపు లక్ష్యముకంటె ఉక్కు పలకపైననే మక్కువ మెండు. తగిలిన మరుక్షణమున ఖంగున మ్రోగి ఫలితమును చెప్పు వస్తువుపై ఆపాటి మోహము సహజమే. అయినను, తుపాకికిని దాని దుర్భిణికిని ధనమును ధారపోసి, పలకను మాత్రము పాతయినుప కొట్టున ఏరి తెచ్చుకొను లోభమును నేను మెచ్చజాలను. రమారమి 2.6 గ్రాముల మెత్తని సీసపు గుండు నునుపైన గట్టి ఉక్కును తాకినంతనే, కాలిన పెనముపై పడిన నీటిచుక్కవలె చితికి, పలక తలము వెంబడి నలుదిక్కులకును చిమ్ముకొనిపోవును. మెత్తని యినుముపై గుంటలు పడెనా, తరువాతి గుండు తునుక ఆ గుంట యంచున మరలి కాల్చినవాని మొగమునకే తిరిగి రావచ్చును. అందువలననే సుమారు 500 బ్రినెల్ కాఠిన్యముగల ఏఆర్500 రేకును, పైయంచు కాల్చువానివైపు కొంచెము వ్రాలునట్లు గొలుసులతో వ్రేలాడగట్టుట మేలు, తునుకలు నేలపాలగును. ఆ రేకునకు వెల్డింగుతో కొక్కెము లతికించు వారును కలరు. మంట సోకినచోట కాఠిన్యము సడలునని వారెరుగరో, ఎరిగియు తెగింతురో! సంరక్షణకు పెద్ద తంత్రమేమియు లేదు: బోల్టులు బిగించి, తలమున గుంటలున్నవేమో తడవి చూచి, బూడిదరంగు సీసపు మరకలపై తెల్లరంగు చిమ్మిన చాలును, గుంటపడిన పలకను, ఎంత వెలపెట్టి కొన్నదైనను, పారవేయవలసినదే. కంటియద్దములు కాల్చువానికే కాక ప్రక్కన నిలిచి చూచు పిల్లవానికిని ఉండవలెను. పలకను ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనక ఫలహారమునకు కూర్చుండరాదు, వాని నంటియున్నది సీసపు పొడి కదా.