వరి వంగడమునకున్న విచారణ మనుష్యునకు లేదా?

అగ్గితెగులు పడిన యేట ఒకే గట్టున కిరుప్రక్కలనున్న చేలలో ఒకటి మాడిపోవుటయు, రెండవది నిలుచుటయు నెల్లూరు సీమ కాపు లెరుగనిది కాదు. బాపట్లలో పుట్టిన సాంబమసూరి అన్నమునకెంత శ్రేష్ఠమైనను ఆ తెగులునకు తాళజాలదు. మన నెల్లూరు పరిశోధనస్థానమువారు రూపొందించిన నెల్లూరు మసూరి దానిని తట్టుకొనును. నీరొకటే, గాలి యొకటే. భేదము విత్తనములో నున్నది. మూత్రపిండమును మార్పించుకొని యిల్లు చేరిన రోగులయందును ఇట్టి భేదమే కానవచ్చుచున్నది. ఒకే వైద్యశాలలో ఒకే మందులు పుచ్చుకొన్న యిరువురిలో ఒకడు మూడవ నెలకు చేని గట్టుమీద తిరుగును. రెండవవాడు జ్వరముతో, విరేచనములతో మరల మంచము పట్టును.

ఇందులకు తరచుగా హేతువగునది సైటోమెగలోవైరసు. ఇది చిన్ననాటనే దేహమున ప్రవేశించి యావజ్జీవము అణగియుండును. మన దేశమున పెద్దలలో నూటికి 90 మందికి పైబడి దీనిని మోయుచున్నవారే. ఆరోగ్యవంతునకు దీనివలన బాధ లేదు. రక్తములోని టి కణములును, సహజ సంహారక కణములును దీనికి కావలియుండును. అయితే పరుల మూత్రపిండమును దేహము త్రోసివేయకుండుటకై యిచ్చు టాక్రోలిమస్, మైకోఫినోలేట్ మున్నగు ఔషధములు ఆ కావలివారినే బలహీనపఱచును. 1954లో బోస్టను నగరమున జోసెఫ్ మర్రే ప్రప్రథమముగా కృతార్థుడైనప్పుడు దాతయు గ్రహీతయు ఏకరూప కవలలు గనుక అట్టి మందుల యవసరమే కలుగలేదు. ఆ భాగ్యము ఎందరికి పట్టును? మన యిండ్లలో మూత్రపిండము నిచ్చువారు తరచుగా తల్లులు, భార్యలు. (పుచ్చుకొనువారిలో మగవారే యధికులను మాట వేరొకమారు విచారింపదగినది.) వైరసు విజృంభించినచో రోగికేగాక, ఆ తల్లి యిచ్చిన మూత్రపిండమునకే ముప్పు. రెండవసారి యిచ్చుటకు ఆమెవద్ద మరియొకటి లేదు.

మందులు అందరును మ్రింగుచుండగా కొందరే యేల పడిపోవుచున్నారు? మందుల మోతాదు, వయస్సు, దాతతోడి పొందిక కారణములే. వానితోబాటు పుట్టుకతో వచ్చిన జన్యువులును కారణమే. సంహారక కణములను పురికొల్పు కె.ఐ.ఆర్. జన్యువులు అధికముగా గల మూత్రపిండ గ్రహీతలలో ఈ వైరసు తక్కువగా తలయెత్తుచున్నదని స్విట్జర్లండు పరిశోధకులు 2008 మొదలుకొని ప్రకటించిరి. కాలేయమును మార్పించుకొన్నవారిని గూర్చి 2007లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధనమున, వైరసును పసిగట్టు టి.ఎల్.ఆర్.2 జన్యువులో ఒక మార్పు తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించినవారికి జబ్బు హెచ్చని తేలినది.

ఇవి గొప్ప పరిశోధనలే. కాని యవి పాశ్చాత్యుల దేహములపై జరిగినవి. ఆ టి.ఎల్.ఆర్.2 మార్పు ఐరోపావారిలో కానవచ్చునేగాని తూర్పు ఆసియావారిలో మిక్కిలి యరుదు. పురికొల్పు కె.ఐ.ఆర్. జన్యువులో, భారతీయులలో విరివిగా నున్నవి. అచ్చట వైరసు నెరుగని గ్రహీతకు వైరసుగల దాత యవయవమును అమర్చుట ప్రధాన ప్రమాదము. ఇచ్చట ఉభయులును ముందే దానిని మోయుచున్నవారు. అచ్చటి కొలబద్దతో ఇచ్చటి రోగిని కొలుచు టెట్లు?

తెలుగువారి సంగతి మరియు విలక్షణము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, హార్వర్డు వారితో గూడి 2009లో ప్రకటించిన పరిశోధనమున, ఆంధ్రదేశపు వైశ్యులు నూఱు తరములకు పైబడి యితరులతో సంబంధము లేక వచ్చినట్లు తేలెను. శస్త్రచికిత్సలో వాడు సక్సినైల్‌కోలిన్ అను మందును త్వరగా హరించుకొనజాలని లోపము వారిలో హెచ్చు. ఆ యెరుక గల మత్తువైద్యుడు ముందే జాగ్రత్తపడును. జన్యువన్నంతనే ఒక కులమునకు ఘనతయో, కొఱతయో అంటగట్ట జూచువారుందురు. వారితో మాకు పని లేదు. మత్తువైద్యునకు పనికివచ్చిన యెరుక మూత్రపిండ వైద్యునకును దక్కవలయునని మాత్రమే మా వాదము. మేనరికములు గల మన జిల్లాలలో భార్యాభర్తల జన్యువులు సైతము కొంత కలియవచ్చును, ఇదియు విచారింపదగినదే.

1971లో రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మన దేశపు తొలి మూత్రపిండపు మార్పిడి సఫలమైనది. నాటినుండి వేలూరునకును, చెన్నపట్టణమునకును, హైదరాబాదునకును పోయి చికిత్స పొందిన తెలుగువా రెందరో! వారి సమ్మతితో రక్తమును భద్రపఱచి, ఎవరికి వైరసు తలయెత్తినదో, ఎవరికి లేదో వ్రాసియుంచినచో పదియేండ్లలో మన లెక్క మనకుండును. 2008లో విడుదలయైన మెఱుగు సాంబమసూరిలో ఎండాకు తెగులునకు లొంగని జన్యువులను నిలిపినవారిలో ఈ సి.సి.ఎం.బి. వారును ఉన్నారు. వరికి చేసినది మనుష్యునకు చేయరాదా?

అందాక మైపాడు, ఇస్కపల్లి రేవులలోని రోగి జన్యువులకై వేచియుండజాలడు. వానికి కావలసినది రక్తములోని వైరసును క్రమముగా లెక్కించు పరీక్షయు, లెక్క పెరిగిన వెంటనే వాల్‌గాన్‌సిక్లోవిరుమాత్రయు. ఇందులకై వాడు కూలిదినములను పోగొట్టుకొని 170 కిలోమీటర్లకు పైబడి చెన్నపట్టణమునకు పోనేల? పోవలసినది రక్తపు సీసా. నెల్లూరు సర్వజన వైద్యశాలలో వారమున కొకదినమున నెత్తురు తీసి పంపుటకును, ఫలితమును రోగికి తెలుపుటకును ఏర్పాటు కావలయును. శస్త్రచికిత్సకు ప్రభుత్వమిచ్చు సాహాయ్యముననే తొలి యాఱునెలల యీ పరీక్షల వ్యయమును చేర్పవలయునని జిల్లా శాసనసభ్యులు అడుగుదురుగాక.