ముక్కు కొలతకు అందని కులం

మచిలీపట్నం నుంచి గుడివాడ వెళ్లే బస్సులో పక్క సీటు మనిషి ముందు పేరు అడుగుతాడు. తర్వాత ఇంటిపేరు, ఊరు, ఊళ్లో ఏ పేట అన్నది అడుగుతాడు. అప్పటికీ తేలకపోతే 'మీరేవిట్లు?' అనేస్తాడు. ముఖం చూస్తే కులం తెలిసిపోతుందని నమ్మే సమాజానికి ఇన్ని ప్రశ్నలతో పనేమిటి?

1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీకి ఈ సందేహం రాలేదు. ముక్కు వెడల్పును దాని ఎత్తుతో భాగించి, నూరుతో హెచ్చవేసి, వచ్చిన అంకెకు నాసికా సూచిక అన్నారు. 70 లోపు వస్తే సన్నముక్కు, 85 దాటితే చప్పిడిముక్కు. ముక్కు ఎంత వెడల్పయితే సంఘంలో హోదా అంత తక్కువ అని రిస్లీ సూత్రం కట్టాడు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ ఆ కొలబద్దను దక్షిణాదికి తెచ్చి, రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. కమ్మ, కాపు, మాల, మాదిగ, యానాది అందరూ ఆ పుటలకెక్కారు. వయనాడులో ఆయన్ను చూడగానే పణియ స్త్రీలు పారిపోయారట. తమలో మేలైన వారిని ఎంచి, మ్యూజియంలో జంతువుల్లా కూరి నిలబెడతాడని వారి భయం. థర్‌స్టన్ దాన్ని వేడుకగా రాసుకున్నాడు. నాకైతే ఆయన సూచికల కంటే ఆ స్త్రీల అనుమానమే ఎక్కువ శాస్త్రీయంగా కనిపిస్తుంది. పోలీసు అధికారులకు మనుషులను కొలవడం నేర్పినవాడూ ఆయనే.

రిస్లీ సూత్రం దేశమంతటికీ పొసగదని 1932లో ఘుర్యే చూపించాడు. ఆ కొలతలనే అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్'లో ఎదురు తిప్పాడు. ఈ శాస్త్రాన్ని నమ్మేట్టయితే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని ఒప్పుకోవాల్సి వస్తుందన్నది ఆయన వాదం. ఆ 'నమ్మేట్టయితే' అన్న షరతును మన విద్యార్థులు తరచూ వదిలేస్తారు. ఆయన కొలబద్దకు మొక్కలేదు, దాన్ని పట్టుకున్న చేతినే ఇరుకున పెట్టాడు.

నేడు ఆ కొలబద్ద దంతవైద్య పరిశోధనల్లోకి వచ్చింది. ముఖ నిష్పత్తులు, చిరునవ్వు ఆకర్షణ, జాతులవారీ పోలికలు అక్కడి అంశాలు. అంతా తప్పనను. తల ఎక్స్‌రే కొలతలకు 1948లో డౌన్స్ ఇచ్చిన ప్రమాణాలు ఇరవై మంది తెల్లజాతి పిల్లల మీద నిలిచినవి. వాటినే దివిసీమ పిల్లకు పెడితే ఆరోగ్యమైన పలువరుస కూడా ఎత్తుపళ్ల కింద లెక్కకు రావచ్చు. స్థానిక కొలతలు తీయడం అక్కడ న్యాయమే. చిక్కు 'ఆకర్షణ' దగ్గర మొదలవుతుంది. నవ్వితే చిగుళ్లు ఎంత కనిపించాలి, పెదవి ఎంత ముందుకు రావచ్చు అన్నదానికి మార్కులు వేసేవారి కళ్లు సినిమా పోస్టర్ల మీద, పెళ్లి ప్రకటనల మీద పెరిగినవి. ముఖానికి రాసే క్రీము 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. పెళ్లి ప్రకటనల్లో 'తెల్లని వధువు' మాత్రం అలాగే ఉంది. ఆ కళ్లు వేసిన మార్కుల సగటుకు 'ద్రావిడ ముఖం' అని శీర్షిక తగిలిస్తే, అభిరుచి కాస్తా జీవశాస్త్రమై కూర్చుంటుంది.

కులం పనిచేసేది మరోచోట. కృష్ణ ఆవలి ఒడ్డున చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినవారు ఎవరి ముక్కూ కొలవలేదు. పేట తెలుసు, పేర్లు తెలుసు, ఎవరు ఎవరి పొలంలో దిగేదీ తెలుసు. అవి చాలాయి.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పుర్రె ఎముకల పాఠం చెప్పే రోజున రిస్లీ సూత్రాన్నీ, దానికి అంబేద్కర్ ఇచ్చిన జవాబునూ పక్కపక్కన ఉంచి చూపడానికి ఒక గంట చాలు. పరిశోధన దరఖాస్తులో 'జాతి' అన్న గడి ఉంటే, అది ఏ చికిత్సకు అవసరమో రాసేదాకా నైతిక సంఘం అనుమతి ఇవ్వకూడదు.