చక్రాలెక్కిన వంటిల్లు

అస్ర్ నమాజు వేళ దాటిందంటే మాధాపూర్, గచ్చిబౌలి వైపు రహదారుల అంచున రంగురంగుల వాహనాలు వచ్చి నిలుస్తాయి. పక్కతలుపు పైకెత్తితే లోపల పొయ్యి, పెనం, ఫ్రిజ్, చెమటోడ్చే ఇద్దరు మనుషులు. ఫుడ్ ట్రక్కు అని పిలుస్తున్న ఈ కదిలే వంటిల్లు హైదరాబాదు వంటి నగరానికి తగినదేనా? యునెస్కో 2019లో పాకకళకుగాను సృజనాత్మక నగరాల సరసన చేర్చిన ఊరు ఇది. ఇక్కడ మోమోలూ బర్గర్లూ అమ్మే బండ్లు బారులు తీరితే మన రుచుల గతి ఏమిటని పెద్దలు కలత చెందుతున్నారు.

ఆ కలత అకారణమని మేము అనలేము. రమజాన్‌లో హలీం వండే తీరునే చూడండి. ఇటుకలతో కట్టిన భట్టీ, దాని కింద కట్టెల మంట, పైన లోతైన పాత్ర. గోధుమ, మాంసం, నెయ్యి, మసాలాలు గంటల తరబడి ఉడుకుతూ ఉండగా, పొడవాటి బరువైన కర్రలతో మనుషులు నిలబడి మెదుపుతూనే ఉంటారు. మాంసపు పోగు గోధుమలో కలిసిపోయేదాకా ఆ చేతులకు విరామం లేదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందినది ఈ శ్రమతో కూడిన వంటకమే. ఒక గ్యాస్ సిలిండరు, రెండు బర్నర్లు గల వాహనంలో ఇది సాధ్యమయ్యే పని కాదు. రాత్రంతా సన్నని సెగపై మగ్గే నహారీ సంగతీ అంతే. వీటిని ట్రక్కులో అమ్మవచ్చును గాని అక్కడ వండడం కుదరదు. వేరొకచోట వండి తెచ్చి వేడిచేసి ఇస్తున్నామని చెప్పి అమ్మితే దోషం లేదు. భట్టీ బొమ్మ వేసి, అప్పుడే దించినట్లు నమ్మించి అమ్మితే మాత్రం మాట వేరు. వానకు తడిసిన ధాన్యం కుప్ప అడుగున ఉండిపోతే, దానిని పైకి కనబడేట్లు ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మన పిల్లలకు కూడా తెలిసినదే.

అయితే సంప్రదాయమంతా భట్టీలోనే ఉన్నదా? హైదరాబాదీ ముస్లిం ఇళ్ళలో ఉదయం తినే ఖిచిడీ, ఖీమా, పుల్లని ఖట్టా పెద్ద హోటళ్ళలో ఎన్నింట దొరుకుతాయి? చింతచిగురు వచ్చే కొద్ది వారాలలో మాంసంతో కలిపి వండే కూర, ఇంట్లో అంబాడా అని పిలుచుకునే గోంగూర సాలన్, సొరకాయ ముక్కలు వేసిన దాల్చా - ఇవన్నీ అమ్మీజాన్ల చేతులలోనే మిగిలిపోతున్నాయి. బిర్యానీ ఒక్కటే ఊరి పేరంతా మోస్తున్నది. (ఆ మాటకు వస్తే, మనమూ చుట్టాలు వస్తే బిర్యానీకే పరుగెత్తుతాము.) దుకాణానికి అడ్వాన్సు, అద్దె పెట్టలేని కుటుంబానికి ఈ ఇంటివంటను వీధిలోకి తెచ్చే దారి ట్రక్కు చూపగలదు. రెండు గిన్నెల వంట, పూటకు నలభై యాభై మంది తినేవారు. అంత చిన్న వ్యాపారానికి ఈ వాహనం చక్కగా సరిపోతుంది. పైగా మనం తరతరాల సొత్తుగా చెప్పుకునే ఇరానీ చాయ్ కూడా ఒకనాడు వలస వచ్చినవారు వెంట తెచ్చినదే కదా.

మమ్మల్ని అసలు వేధిస్తున్నది రుచి కాదు, చోటు. ట్రక్కు వచ్చి ఆగిన ఆ మూలన నిన్నటిదాకా ఎవరున్నారు? మిరపకాయ బజ్జీల బండో, ఇడ్లీ బండో అయి ఉంటుంది. ట్రక్కు కొనగలిగినవాడికి ఎంతో కొంత పెట్టుబడి ఉన్నది. తోపుడుబండికి ఆ మూల తప్ప మరో ఆస్తి లేదు. వీధి విక్రేతల జీవనోపాధి రక్షణకై 2014లో వచ్చిన చట్టం ఈ సంగతిని గుర్తించింది. సర్వే పూర్తయ్యేదాకా ఉన్నవారిని తొలగించరాదని, తరువాతనైనా ముప్పై రోజుల నోటీసు లేకుండా కదిలించరాదని అది చెబుతున్నది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం విక్రేతల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు. తమకు ఇన్ని హక్కులున్నట్లు బండి నడిపే తల్లులలో ఎందరికి తెలుసో! ట్రక్కుల వరుసకు చోటు కేటాయించే ముందు వారిని పిలిచి మాట్లాడడం అధికారుల దయాదాక్షిణ్యం కాదు. ఇక జనరేటరు రొద, కాలిబాటపైకి వచ్చిన కుర్చీలు, కాలువలోకి వదిలే జిడ్డునీరు గురించి చెప్పనక్కరలేదు. దారినుంచి ముల్లు తీయడం కూడా విశ్వాసంలో భాగమని నమ్మేవారు దారికే అడ్డు కాకూడదు.

ఉత్సాహపడుతున్న యువకులకు ఒక మాట. వాహనం, దాని లోపలి అమరిక వడ్డీ అప్పుతోనే మొదలవుతున్నాయి. వానాకాలంలో వరుసగా పది రోజులు గిరాకీ లేకపోయినా వాయిదా ఆగదు. కుటుంబంలో నలుగురు భాగస్వాములుగా చేరి, లాభనష్టాలు పంచుకుని, పాత వాహనంతో ప్రారంభించడం మేలు. తొలి ఏడాది దానికి రంగులు లేకపోయినా ఫరవాలేదు. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ మాత్రం తొలి రోజే ఉండాలి. మాంసం ఎక్కడినుండి తెస్తున్నారో అడిగినవారికి విసుగు లేకుండా చెప్పాలి.

మా మటుకు మేము, ఫజ్ర్ తరువాత మస్జిదు నుండి వచ్చే దారిలో అటువంటి ట్రక్కు కనిపించి, అందులో వేడి ఖిచిడీ, ఖట్టా ఉండి, పక్కన పాత ఇడ్లీ బండి కూడా తన చోటనే నిలిచి ఉంటే, తప్పక ఆగుతాము.