కీటకముల చిత్రములు – బరువెత్తలేని చేతులు



మా మండలమునందలి యొక సోదరి ఈ నెల మాకు లేఖ వ్రాసినారు. వారి ప్రాయము ఏబది దాటినది. ఆమవాతముచే వ్రేళ్ల కణుపులు వాచి, ప్రొద్దుట లేచిన పిమ్మట రెండు గడియల సేపు గిన్నెమూతయైనను తీయజాలరు. అయినను పెరటిలోని సీతాకోకచిలుకలను, తూనీగలను ఛాయాచిత్రములుగా తీయవలెనని వారి కోరిక. కుమారుని పెద్ద కెమేరా నెత్తి చూడగా, నాలుగు చిత్రములు తీయునప్పటికే మణికట్టు నొచ్చి దించవలసివచ్చినదట. “ఈ చేతులతో నీకీ పని యేల?” అని యింటివారనుచున్నారు. దాచుకొన్న సొమ్ము కొంత కలదు. దానితో తేలికయైన కెమేరా కొనవచ్చునా, లేక ఆశ మానుకొనవలెనా యని యడిగినారు.

మానుకొన నక్కఱలేదని మా యభిప్రాయము. అయితే సొమ్ము పెట్టెనుండి తీయుటకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనవలెను.

మొదటిది బరువు. పెద్ద కెమేరాలలో కానన్ 5డి మార్క్ 4 అనునది సుమారు 890 గ్రాములు. చిన్న ప్రాణులను దగ్గఱగా తీయుటకు దానికి తగిలించు 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సులలో నొకటి 625 గ్రాములు. రెండును కలిసి 1,515 గ్రాములు. మన పెద్దల లెక్కలో వీశకు మించిన బరువు. వీశెడు వంకాయలను సంచిలో వేసికొని నడచుట వేఱు; అంత బరువును ముఖమునెదుట కదలక మెదలక పట్టి నిలుచుట వేఱు.

ఇంతకంటె చిన్న జాతి కలదు. 2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు మైక్రో ఫోర్ థర్డ్స్ అను పద్ధతిని వెలువరించినవి. ఒలింపస్ కెమేరాల వ్యాపారము 2021లో వేఱొక సంస్థ చేతికి మాఱి, ఇపుడు ఓఎం సిస్టం అను పేర నడచుచున్నది. 2022లో వచ్చిన ఓఎం-5 కెమేరా బ్యాటరీతో గూడ 414 గ్రాములు. దానికి తగిన 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు 185 గ్రాములు. అంతయు కలిపి ఆఱువందల గ్రాములు. పెద్దదానిలో సగమైనను లేదు.

చిన్న కెమేరాతో చిత్రము తక్కువదగునేమో యని శంకింప వలదు. వెలుతురు చాలనిచోట పెద్దది మేలనుట నిజమే. కాని పురుగుల విషయమున చిన్నదానికే యొక లాభము కలదు. పెద్ద కెమేరాలో చిత్రము పడు పలక 36 మిల్లీమీటర్ల వెడల్పు. చిన్నదానిలో 17 మిల్లీమీటర్లకు కొంచెము హెచ్చు. అయిదాఱు మిల్లీమీటర్ల అక్షింతల పురుగు, ఉన్న పరిమాణముననే పడినను, పెద్ద పలకపై ఆఱవ వంతు, చిన్న పలకపై మూడవ వంతు ఆక్రమించును. అదియునుగాక, ఒకే లెన్సురంధ్రమున ఒకే చిత్రమును కూర్చినచో, చిన్న పలకపై పురుగు శరీరము ముందునుండి వెనుకకు మఱికొంత స్పష్టముగా వచ్చును.

ఇంకను తేలిక కావలెనన్నచో, 2023లో వచ్చిన టీజీ-7 అను జేబుకెమేరా 249 గ్రాములే. అది లెన్సుకు సెంటీమీటరు దూరమున నున్నదానిని గూడ తీయగలదు. అయితే అంత చేరువకు పోయినచో రెక్కలున్నది యెగిరిపోవును; లేనిదానిపై కెమేరా నీడ పడును. గొంగళిపురుగులకు, గ్రుడ్లకు, ప్యూపాలకు మాత్రము అది చాలును.

తేలికయైన దెల్ల సుకరము కాదని గుర్తుంచుకొనవలెను. పలుచని కెమేరాను వ్రేళ్లకొనలతో గిల్లిపట్టవలసియుండును. వాచిన కణుపులకు అదియే బాధ. అఱచేతికి నిండుగా నానుకొను పిడి గలది, బొత్తాములు మెత్తగా దిగునది, వెనుక తెర పైకి త్రిప్పుకొనదగినది యుండవలెను. తెర తిరిగినచో వంగనక్కఱలేదు, మోకరిల్ల నక్కఱలేదు. తెరను వ్రేలితో తాకినంతనే చిత్రము తీయునవి కలవు. నొక్కిన రెండు సెకండ్లకు తమంత తీయు ఏర్పాటును కలదు. వణకు చేతులకు ఈ రెండును మేలు.

కొనుటకు ముందు వంటయింటిలోనే యొక పరీక్ష చేయవచ్చును. గుడ్డసంచిలో ఆఱువందల గ్రాముల బియ్యము పోసి మూతి కట్టుడు. మోచేతులు ప్రక్కలకు ఆనించి, సంచిని రెండు చేతులతో ముఖము నెదుట పట్టి నూఱు లెక్కపెట్టుడు. నడుమ విశ్రమించుచు పదిమాఱులు చేయుడు. నొప్పి యెక్కువైనచో అంతటితో ఆపవలెను. మఱునాడుదయము వ్రేళ్లెట్లున్నవో చూచుకొనుడు. వాపు హెచ్చినచో నాలుగువందలతో, రెండువందల యేబదితో చూడుడు. మీ చేతులు చెప్పిన బరువే మీ కెమేరా బరువు. కీళ్లు వాచియున్న దినమున ఈ పరీక్షయు వలదు, చిత్రములును వలదు. వైద్యుని మాట ముందు.

చేయి మోయలేని బరువును వేఱొకదానిచే మోయింపవచ్చును. పాతగుడ్డతో చిన్న దిండుసంచి కుట్టి వడ్లతోనో పెసలతోనో ముప్పాతిక నింపి, గోడపైగాని కుర్చీ చేతిపైగాని యుంచి, దానిపై కెమేరా నిలిపినచో కదలదు. మెడకు వ్రేలాడు పట్టీకంటె భుజముమీదుగా అడ్డముగా వేసికొను పట్టీ మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన యుపాయము వేఱొకటి: మనము పురుగు నొద్దకు పోవుట కాక, పురుగునే మన యెత్తునకు రప్పించుట. మా చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ యాలయము కోనేటి నడుమ నున్నది. నీటిపై తూనీగలను తీయవలెనన్నచో గట్టున నిలువవలెను. ఆరుద్రకార్తెలో ఎఱ్ఱని ఆరుద్ర పురుగును తీయవలెనన్నచో నేలకు వంగవలెను. కాని కరివేపాకు మొక్కను కుండీలో పెంచి అరుగుపై నుంచినచో, నిమ్మ సీతాకోకచిలుక తానే వచ్చి గ్రుడ్లు పెట్టును. దాని గొంగళి తొలుత పక్షిరెట్టవలె కనబడి, పిదప ఆకుపచ్చనగును. ప్యూపాయై, రెక్కలు విప్పుకొని వెడలును. కొన్ని వారముల యీ కథనంతయు కుర్చీలో కూర్చుండియే తీయవచ్చును. గొంగళి పరుగెత్తదు, మీరును పరుగెత్త నక్కఱలేదు. ఎగురువానిని తీయగోరినచో చల్లని వేకువలు మంచివి. ఎండ తగిలి ఒడలు వేడెక్కువఱకు అవి చుఱుకుగా కదలవు.

ఇంటివారి ప్రశ్నకు గూడ సమాధానము చెప్పవలెను. చిక్కుడుతీగకు పేనుబంక పట్టినపుడు దానిని తిని మనకు మేలు చేయునది అక్షింతల పురుగు. దాని పిల్లపురుగు నల్లని చిన్న మొసలివలె నుండుటచే, తెలియనివారు దానినే తెగులనుకొని మందు చల్లుదురు. స్పష్టమైన చిత్రమొకటి యున్నచో వ్యవసాయాధికారికి చూపి యడుగవచ్చును. బాపట్లలో 1945లో నెలకొల్పిన వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రము నెఱిగినవారు కలరు. ఇంటి కూరపాదును కాపాడు పనిని వ్యర్థమనుట తగదు.

దేహలోపము ఈ విద్యకు అడ్డము కానేరదనుటకు అమెరికా దేశమున 1929లో జన్మించిన ఎడ్వర్డ్ విల్సన్ సాక్షి. బాల్యమున చేపముల్లు గ్రుచ్చుకొని ఆయన కుడికంటి చూపు పోయినది. పిదప వినికిడియు కొంత తగ్గినది. పక్షులను దూరమునుండి చూచి, కూత విని గుర్తింపజాలక, కంటికి దగ్గఱగా పెట్టుకొని చూడదగిన చీమలను చేపట్టెను. 2021లో మరణించునప్పటికి చీమల శాస్త్రమున లోకప్రసిద్ధుడు. తనకు లేనిదానిని తలచి వగవక, ఉన్న కంటికి తగిన పనిని వెదకుకొనుటయే ఆయన చేసినది.

కావున ఆ సోదరికి మా సలహా యిది. మొదట చేతనున్న ఫోనుతో కుండీమొక్కపై నెలదినములు అభ్యసింపుడు. ఆసక్తి నిలిచినచో రెండువందల యేబది గ్రాముల జేబుకెమేరాగాని, బియ్యపు పరీక్షలో చేతులు సమ్మతించినచో ఆఱువందల గ్రాముల జతగాని కొనుడు. దుకాణమున చేతబట్టి, బొత్తాములు నొక్కి చూడనిదే సొమ్ము చెల్లింపవలదు. మరమ్మతు ఎచ్చట జరుగునో ముందే యడుగుడు. ఆ సొమ్ము మీరు దాచుకొన్నది. దానిని మీ సంతోషమునకు వెచ్చించుటకు ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కఱలేదు.

వచ్చు నెలలో ఫ్లాషు వెలుగును మల్లుగుడ్డతో మెత్తపఱచు విధమును వ్రాసెదము.